తీరప్రాంత యూనివర్సిటీలో చదువుతున్నారా? పరిశోధనలో మొదటి చోటు సంపాదించుకోవడం ఇలా

సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీలో చేరిన విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇక్కడ పరిశోధన అవకాశాలు చాలా ఉన్నాయంటారు, నాకు ఒక్కటీ కనబడదు. ఎవరిని అడగాలి? ఏం చూపించాలి?” కొందరికి మార్కులు తక్కువని భయం. కొందరికి తమది మెరైన్ బయాలజీ కాదని సందేహం. ఇంకొందరు పది మంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపి, ఒక్క జవాబూ రాక నిరుత్సాహపడి ఉంటారు.

నేను అందరికీ ఒకటే చెబుతాను. అడగడానికి వెళ్లేముందు చిన్న పని ఏదైనా మీరే చేయండి. తీరం మీ నడక దూరంలోనే ఉంది. నాలుగు వారాలు ఒక్క విషయాన్ని శ్రద్ధగా గమనించి, లెక్క రాసి, ఆ కాగితం తీసుకెళ్లండి. “నాకు ఆసక్తి ఉంది సార్” అనేవాళ్లు ప్రతి ల్యాబ్ తలుపూ తడుతూనే ఉంటారు. సొంత లెక్కలతో వచ్చేవాళ్లు చాలా అరుదు. ఆ లెక్కల్లో తప్పులున్నా పర్వాలేదు. పని ఎలా చేస్తారో అవే చెబుతాయి.

కావలసినవి

- గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు. నీళ్లు పడితే సిరా కరుగుతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.
- క్వాడ్రాట్. పేరు పెద్దదే గానీ, అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న చతురస్రపు చట్రం అంతే. సన్నటి ప్లాస్టిక్ పైపులతో మీరే చేసుకోవచ్చు.
- 30 మీటర్ల కొలత టేపు.
- ఫోటోలకు, లొకేషన్‌కు ఫోన్. నీళ్లు పడకుండా జిప్ కవరులో పెట్టండి.
- మీ దగ్గరి రేవు ఆటుపోట్ల పట్టిక.
- జారని చెప్పులు లేదా బూట్లు, తాగే నీళ్లు, టోపీ.
- తోడుగా ఒక మనిషి. ఇది మాత్రం తప్పనిసరి.

1. చిన్న ప్రశ్న ఎంచుకోండి

“సముద్ర కాలుష్యం మీద పరిశోధన చేస్తాను” అంటే ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలియదు. “జనం ఎక్కువగా నడిచే చోట, నడవని చోట పీతల బొరియల సంఖ్యలో తేడా ఉందా?” అంటే రేపే మొదలుపెట్టవచ్చు. ఇసుక తీరమైతే బొరియలు, రాళ్ల తీరమైతే నత్తలు, ఏ తీరమైనా ప్లాస్టిక్ ముక్కలు. ఈ మూడింటిలో ఒకటి చాలు. ప్లాస్టిక్ తీసుకుంటే ఎంత పరిమాణం నుంచి లెక్కపెడతారో ముందే రాసుకోండి. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిని మైక్రోప్లాస్టిక్ అంటారు. వాటిని కంటితో చూసి లెక్కపెట్టడం నమ్మదగిన పద్ధతి కాదు, అంతకన్నా పెద్దవాటితో ఆగండి.

బతికున్న జీవులను పట్టి తేవద్దు. చాలాచోట్ల దానికి అనుమతి కావాలి. లెక్కకూ ఫోటోకూ జీవిని కదిలించాల్సిన పనే లేదు.

2. గడియారం కాదు, ఆటుపోట్ల పట్టిక చూసి వెళ్లండి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. “ప్రతి ఆదివారం ఉదయం 6 గంటలకు” అని పెట్టుకుంటారు. ఆటుపోట్లు చంద్రుడి లెక్కతో నడుస్తాయి. చంద్రుడి రోజు సుమారు 24 గంటల 50 నిమిషాలు. అందుకే నీరు వెనక్కి తగ్గే సమయం రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు నీరు బాగా తగ్గి ఉంటే, వచ్చే ఆదివారం అదే సమయానికి పోటు మీద ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఆటుపోట్లు వచ్చే తీరాల సంగతి ఇది. రోజుకు ఒక్కసారే వచ్చే తీరాలూ ఉన్నాయి, మీది ఏ రకమో పట్టిక చూస్తే తెలిసిపోతుంది.

కాబట్టి ఆదివారమే ఉంచి, గంట మార్చుకోండి. నీరు అతి తక్కువగా ఉండే సమయానికి గంట ముందు తీరం చేరి, నీరు తిరిగి పెరగడం మొదలవగానే పని ముగించండి. అమావాస్య, పౌర్ణమి సమయాల్లో నీరు బాగా వెనక్కి పోతుంది, సప్తమి, అష్టమి రోజుల్లో అంతగా పోదు. అందుకే అష్టమి నాడు నీరు తగ్గినప్పుడు కూడా బయటపడే మట్టంలోనే మీ గీత, అంటే లెక్కకోసం టేపు పరిచే వరస, పెట్టుకోండి. లేకపోతే రెండో వారం వెళ్లేసరికి మీ చోటు నీళ్ల కింద ఉంటుంది.

హెచ్చరిక: పట్టికలో ఉండేది అంచనా మాత్రమే. గాలి, వాయుపీడనం దాన్ని మారుస్తాయి. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు తీరానికి వెళ్లకండి. నోట్‌బుక్‌లో ఆ రోజు ఖాళీగా ఉండటం తప్పేమీ కాదు. రాళ్ల మీద పనిచేస్తున్నప్పుడు సముద్రానికి వీపు పెట్టకండి. పొరపాటున నీళ్లలో పడి, ప్రవాహం లోపలికి లాగుతుంటే దానికి ఎదురీదవద్దు. ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగడం తగ్గాక ఒడ్డు వైపు తిరగండి. మీ వల్ల కాకపోతే నీటిపై తేలుతూ చెయ్యెత్తి సాయం అడగండి.

3. లెక్క పెట్టండి

ఒడ్డుకు సమాంతరంగా 30 మీటర్ల టేపు పరచండి. 0 నుంచి 30 లోపు పది సంఖ్యలను ఇంటి దగ్గరే, ఫోన్‌లో యాదృచ్ఛికంగా ఎంచుకుని రాసుకెళ్లండి. టేపు మీద ఆ సంఖ్యల దగ్గర చట్రం పెట్టి, లోపల ఉన్నవి లెక్కపెట్టండి. తీరంలో నిలబడి “ఇక్కడ బాగా ఉన్నాయి, ఇక్కడ పెడదాం” అనుకుంటే ఆ రోజు లెక్క వృథా. తెలియకుండానే కన్ను ఎక్కువ ఉన్నచోటికే పోతుంది.

చట్రం అంచు మీద పడ్డవాటి సంగతి ముందే తేల్చుకోండి. పై అంచు, ఎడమ అంచు మీద ఉన్నవి లెక్కలోకి, మిగతా రెండంచుల మీదివి బయటికి అనుకుంటే సరిపోతుంది. నియమం ఏదైనా నాలుగు వారాలూ అదే ఉండాలి.

చూసింది మాత్రమే రాయండి. బొరియలు లెక్కపెట్టి “పీతలు 14” అని రాయకూడదు. కొన్ని బొరియలు ఖాళీగా ఉంటాయి, కొన్నింటికి రెండు ద్వారాలుంటాయి. “బొరియ ద్వారాలు 14” అని రాస్తే అది నిజం. సముద్ర పరిశోధనలో కొత్తగా చేరినవాళ్లకు సీనియర్లు మొదట నేర్పేది ఈ అలవాటే. మీరు అది ముందే నేర్చుకుని వెళ్తే వాళ్లు వెంటనే గుర్తిస్తారు.

సరిచూసుకునే పద్ధతి: మూడు చట్రాల్లో మీరూ మీ తోడూ విడివిడిగా, ఒకరి సంఖ్య ఒకరికి చెప్పకుండా లెక్కపెట్టండి. ఒకరికి 20, ఇంకొకరికి 22 వస్తే పర్వాలేదు. 20, 35 వస్తే దేన్ని బొరియ అనాలో మీ ఇద్దరికీ ఒకే అవగాహన లేదన్నమాట. అక్కడే నిలబడి మాట్లాడుకుని, ఆ నిర్వచనం నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి.

4. ఆ రోజే ఎక్కించండి

తీరం నుంచి వచ్చిన రోజే లెక్కలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. రెండు రోజులాగితే మీ రాత మీకే అర్థం కాదు. తేదీ, సమయం, చోటు, చట్రం సంఖ్య, లెక్క, లెక్కపెట్టిన మనిషి, గాలి, వాన, ఇతర విషయాలు. ఒక్కోదానికి ఒక్కో నిలువు వరుస చాలు.

ఇక్కడ జరిగే పొరపాట్లు చిన్నవిగా కనిపిస్తాయి గానీ తర్వాత చాలా ఏడిపిస్తాయి:

- ఏమీ కనబడకపోతే 0 రాయాలి. చూడటమే కుదరకపోతే ఖాళీ వదిలి, కారణం పక్కన రాయాలి. ఈ రెండూ కలిస్తే సగటు మొత్తం తప్పుతుంది.
- తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి, 2025-03-04 లాగా. లేకపోతే మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అయిపోతుంది.
- చోటును దశాంశ డిగ్రీల్లో రాయండి. అక్షాంశంలో నాలుగో దశాంశం అంటే నేల మీద సుమారు 11 మీటర్లు. రెండు దశాంశాలతో ఆపితే మీ గీత ఎక్కడుందో ఎవరికీ దొరకదు.
- మొదటి ఫైలును ముట్టుకోకండి. దిద్దుబాట్లన్నీ దాని కాపీలోనే.

జీవి పేరు తెలియకపోతే, జీవులను గుర్తించడానికి సాయపడే ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెట్టండి. యాప్ సూచించిన పేరును అలాగే రాసుకోకుండా, తెలిసినవాళ్లు ధ్రువీకరించేదాకా ఆగండి. శాస్త్రీయ నామం స్పెల్లింగ్, ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం వోర్మ్స్ అనే ప్రపంచ సముద్ర జీవుల పట్టికలో సరిచూడండి. ప్రజాతి (జీనస్) వరకే ఖాయంగా తెలిస్తే ప్రజాతి వరకే రాయండి.

నాలుగు వారాలయ్యాక ఒక గ్రాఫ్ గీయండి. సగటు ఒక్కటే కాకుండా ప్రతి చట్రం లెక్కా చుక్కగా కనబడాలి. దాని కింద ఐదారు వాక్యాలు: ఏం అడిగారు, ఎలా చూశారు, ఏం కనబడింది, ఏం తేలలేదు. మొత్తం ఒక పేజీ. నాలుగు వారాల లెక్కలతో వాతావరణ మార్పు గురించి తీర్మానాలు చేయకండి. అలాంటి వాక్యం ఒక్కటి కనబడినా చదివేవాళ్లకు మిగతా పేజీ మీద నమ్మకం పోతుంది.

జీవశాస్త్రం మీ సబ్జెక్టు కాకపోతే

దారి మూసుకుపోలేదు. ఆర్గో అనే అంతర్జాతీయ ఏర్పాటు కింద ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 తేలే పరికరాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ పది రోజులకోసారి సుమారు 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. ఆ డేటా ఉచితం. కంప్యూటర్, గణితం, భౌతికశాస్త్రం విద్యార్థులు మీ తీరానికి దగ్గర్లో తేలిన ఒక్క పరికరం ఏడాది డేటా తీసుకుని ఒక గ్రాఫ్ గీస్తే, పైన చెప్పిన పేజీతో సమానమే. ఇంజినీరింగ్ వాళ్లకు నీటిలోపల తిరిగే రోబోలు తయారుచేసే మేట్ ఆర్‌ఓవీ పోటీ ఉంది, జట్టుగా వెళ్లాలి. ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రం, చరిత్ర చదివేవాళ్లకు రేవులూ మత్స్యకారుల జీవితాలూ ఉన్నాయి. కాకపోతే మనుషులను ఇంటర్వ్యూ చేయాలంటే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు తీసుకోవాలి. అనుమతి లేకుండా సేకరించిన మాటలను తర్వాత ఎక్కడా వాడుకోలేరు.

5. సరైన మనిషిని వెతకండి

డిపార్ట్‌మెంట్ పేజీలో ప్రొఫెసర్ల పేర్లు చూసి, గత రెండు మూడేళ్లలో వాళ్లు రాసిన వ్యాసాల సారాంశాలు చదవండి. మీ పేజీకి దగ్గరగా ఉన్నవాళ్లను ఇద్దరు ముగ్గురినే ఎంచుకోండి. ఆ వ్యాసాల్లో మొదటి పేరు చాలాసార్లు పీహెచ్‌డీ విద్యార్థిది అయి ఉంటుంది. వాళ్లతో ముందు మాట్లాడటం తేలిక. ల్యాబ్‌లో నిజంగా చేతి సాయం ఎక్కడ కావాలో వాళ్లకే బాగా తెలుసు.

6. మెయిల్ రాయండి

ఒక్కొక్కరికి విడిగా రాయండి. ఇలా ఉంటే చాలు:

“ప్రొఫెసర్ గారికి నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్యాంపస్ పక్కన ఉన్న ఇసుక తీరంలో నాలుగు వారాలుగా పీతల బొరియలు లెక్కపెట్టాను. జనం ఎక్కువగా నడిచే చోట తక్కువ కనిపించాయి. అయితే నడక వల్లేనా, ఇసుక రకం వల్లా అన్నది నా పద్ధతితో తేలడం లేదు. ఇసుక తీరాల మీద మీ బృందం రాసిన వ్యాసం చదివాక మిమ్మల్ని అడగాలనిపించింది. ఒక పేజీ నోట్ జతచేశాను. వచ్చే మంగళవారం గానీ గురువారం గానీ సాయంత్రం 4 తర్వాత పదిహేను నిమిషాలు సమయం ఇవ్వగలరా?”

ఇందులో పొగడ్త లేదు, జీవిత లక్ష్యం లేదు. చేసిన పని ఉంది, తెలియని విషయం ఉంది, తేలిగ్గా అవును కాదు అని చెప్పగలిగే ప్రశ్న ఉంది. పది రోజులు చూసి జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. పరీక్షలు, సముద్ర యాత్రలు ఉన్న నెలల్లో జవాబు ఆలస్యమవుతుంది. దాన్ని అవమానంగా తీసుకోవద్దు.

7. మొదటి సమావేశంలో అడగవలసినవి

టెన్షన్‌లో చాలామంది తల ఊపి వచ్చేస్తారు. ఈ ఐదూ అడగండి, రాసుకోండి. వారానికి ఎన్ని గంటలు? రోజువారీ నన్ను చూసేది ఎవరు? దీనికి క్రెడిట్లా, స్టైపెండా, రెండూ లేవా? నేను సేకరించిన డేటాతో వ్యాసం వస్తే నా పేరు ఎక్కడ ఉంటుంది? భద్రతా శిక్షణ ఎప్పుడు? ఇవి అడిగితే దురుసుగా ఉంటుందేమో అనుకోకండి. బాగా నడిచే ల్యాబ్‌లో వీటికి జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఎన్ని గంటలో చెప్పకుండా “అన్నీ తర్వాత చూద్దాం” అన్నచోట, డబ్బు లేని పని నెలల తరబడి సాగే ప్రమాదం ఉంది. అక్కడ ఆలోచించి చేరండి.

ఒప్పుకునేది కూడా తక్కువే ఒప్పుకోండి. వారానికి పది గంటలని చెప్పి ఐదు చేయడం కన్నా, ఐదని చెప్పి ఐదూ చేయడం మేలు.

8. ల్యాబ్‌లో మొదటి వారాలు

మొదట్లో మీకు సీసాలు కడగడం, లేబుళ్లు రాయడం, ఇసుక జల్లెడ పట్టడం ఇస్తారు. ఈ పనులను తక్కువగా చూడకండి. లేబుల్ పోయిన నమూనా పనికిరాదు. ఆల్కహాల్ తగిలితే మార్కర్ సిరా చెరిగిపోతుంది. అందుకే నీళ్లకు తట్టుకునే కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయాలి, బయట ఇంకొకటి అంటించాలి. ఫార్మాలిన్ (నమూనాలు చెడిపోకుండా వాడే ఫార్మాల్డిహైడ్ ద్రావణం) ఉన్నచోట గ్లోవ్స్ లేకుండా, పొగలు లాగే హుడ్ లేకుండా పనిచేయవద్దు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. ఎంత తొందర అన్నా ఈ విషయంలో మొహమాటం వద్దు.

పరికరం చూపే అంకెను గుడ్డిగా రాయకండి. థర్మామీటరును కరుగుతున్న మంచు ముక్కల నీళ్లలో పెడితే 0 డిగ్రీలు చూపాలి. రిఫ్రాక్టోమీటరు మీద డిస్టిల్డ్ వాటర్ చుక్క వేస్తే లవణీయత సున్నా రావాలి. సముద్రపు నీటి సగటు లవణీయత కిలోకు సుమారు 35 గ్రాములు, పీహెచ్ సుమారు 8.1. నదీముఖంలో, ఉప్పు మడుల్లో ఈ అంకెలు చాలా మారతాయి. నడిసంద్రం నీళ్లకు లవణీయత 60 వచ్చిందంటే మాత్రం ముందు అనుమానించాల్సింది పరికరాన్ని.

పడవ ఎక్కే రోజు వస్తే, వాంతుల మాత్ర వేసుకునే అలవాటున్నవాళ్లు బయలుదేరక ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక అది పెద్దగా పనిచేయదు. చూపు దిగంతం మీద ఉంచండి. లైఫ్ జాకెట్ ఒడ్డు చేరేదాకా తీయవద్దు. ఓపిక లేకపోతే వెంటనే చెప్పండి. దాచుకుని తీసిన కొలతలను ఎవరూ నమ్మలేరు.

9. ల్యాబ్ బయట ఉన్న మనుషులు

డిపార్ట్‌మెంట్ సెమినార్లకు ప్రతి వారం వెళ్లండి. సగం అర్థం కాకపోయినా సరే. అయ్యాక కారిడార్‌లో జరిగే మాటల్లోనే “వచ్చే నెల ఫీల్డ్ వర్క్‌కి ఇద్దరు కావాలి” లాంటి కబురు వినబడుతుంది. అది నోటీసు బోర్డు దాకా రాదు.

ల్యాబ్ టెక్నీషియన్లు, పడవ నడిపేవాళ్లు, తీరంలో వలలు బాగుచేసుకునే మత్స్యకారులు. వీళ్లకు ఆ తీరం తెలిసినంతగా కొత్తగా వచ్చిన ఏ పరిశోధకుడికీ తెలియదు. మీ గీత ఉన్న చోట ఇసుక ఏ నెలలో కోసుకుపోతుందో వాళ్లు చెప్పగలరు. పని మధ్యలో ఆపకండి, అడగకుండా ఫోటోలు తీయకండి, మీ లెక్కల్లో ఏం కనబడిందో తిరిగి వెళ్లి చెప్పండి. ఈ చివరిది చాలామంది చేయరు.

ఒక తీరం శుభ్రత కార్యక్రమంలోనైనా చేరండి. 1986లో మొదలైన అంతర్జాతీయ తీర శుభ్రత ఏటా సెప్టెంబరులో జరుగుతుంది. అందులో ఏరిన చెత్తను రకాల వారీగా లెక్కపెట్టి నమోదు చేస్తారు, కాబట్టి అది కూడా డేటా సేకరణే. అలాగని ప్రతి క్లబ్బులో పేరు ఇవ్వకండి. ఒకటి రెండు చాలు.

10. బయటి అవకాశాలకు దరఖాస్తు చేసేటప్పుడు

ప్రకటనలో ముందు చదవాల్సింది అర్హత వాక్యం. అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ప్రభుత్వ విజ్ఞాన సంస్థ డబ్బుతో డిగ్రీ విద్యార్థుల పరిశోధన కోసం నడిచే ఆర్‌ఈయూ వేసవి కార్యక్రమాల నిధులు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే. ఇది చూడకుండా వ్యాసాలు రాసి సమయం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఎరాస్ముస్ ముండుస్ ఉమ్మడి మాస్టర్స్ కోర్సులకు ఏ దేశం వాళ్లైనా దరఖాస్తు చేయవచ్చు, వాటిలో సముద్ర శాస్త్రాలవీ ఉన్నాయి. పోగో, స్కోర్ అనే అంతర్జాతీయ సముద్ర పరిశోధన సంస్థలు కలిసి ఇచ్చే ఫెలోషిప్ అభివృద్ధి చెందుతున్న దేశాల యువ శాస్త్రవేత్తల కోసం. అది తర్వాతి దశకు పనికొస్తుంది. గడువులు చాలావాటికి నెలల ముందే ముగుస్తాయి, అందుకే కోర్సు మొదలయ్యే తేదీని కాకుండా దరఖాస్తు ముగిసే తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి.

సిఫారసు లేఖ కావాలంటే కనీసం మూడు వారాల ముందు అడగండి. మీరు చేసిన పనులు, తేదీలతో అర పేజీ జాబితా ఇవ్వండి. మిమ్మల్ని పేరుతో మాత్రమే గుర్తున్న పెద్ద ప్రొఫెసర్ రాసే నాలుగు వాక్యాల కన్నా, మీ పని రోజూ చూసిన చిన్న హోదా మనిషి రాసే లేఖే బరువైనది.

ఎవరూ జవాబు ఇవ్వకపోతే

ముందు మీ పేజీని వేరే విభాగం స్నేహితుడికి ఇచ్చి చదివించండి. ప్రశ్న ఏమిటో, ఏం కనబడిందో అతను రెండు వాక్యాల్లో తిరిగి చెప్పలేకపోతే లోపం పేజీలో ఉంది, తిరగరాయండి. చెప్పగలిగితే పేజీ బాగానే ఉంది, మనిషిని మార్చండి. పక్క డిపార్ట్‌మెంట్, రేవు దగ్గరి మత్స్యశాఖ కేంద్రం, తీరం మీద పనిచేసే స్వచ్ఛంద బృందం, ఎక్కడికైనా అదే పేజీ తీసుకెళ్లవచ్చు. ఈలోగా లెక్కపెట్టడం మాత్రం ఆపకండి. నాలుగు వారాలు పన్నెండు వారాలైతే, తర్వాత పంపే మెయిల్‌లో రాయడానికి మీ దగ్గర మూడు రెట్లు ఎక్కువ ఉంటుంది.